చెయ్యెత్తినవాళ్ళు

మంత్రగత్తెల విచారణ మీద నాటకం. ముద్దాయి వేషం మా అక్కది, ప్రాంప్టింగు నాది. "ఈమె చేతబడి చెయ్యగా చూసినవాళ్ళు చెయ్యెత్తండి" అని న్యాయాధికారి అనగానే, తెర పక్కనుంచి నేను చెయ్యెత్తుతాను. నన్ను చూసి జనం వేషాలవాళ్ళు పదిహేనుమందీ ఎత్తుతారు.

నిన్న రిహార్సల్లో పైనుంచి లైటు ఊడిపడి న్యాయాధికారి భుజం విరిగింది. పక్కనే ఉన్న అక్కకి చిన్న గీత కూడా పడలేదు.

"ఆవిడ కాలు పెట్టిన దగ్గర్నుంచీ అన్నీ ఇలాంటివే" అని గుసగుసలు మొదలయ్యాయి.

ఇవాళ డైరెక్టరుగారు అందర్నీ స్టేజీ మీద కూర్చోబెట్టారు.

"నాకైతే ఇలాంటివాటి మీద నమ్మకం లేదర్రా. కానీ ఆవిడుంటే మేం చెయ్యం అంటున్నారు మీరు. సరే, తీసెయ్యమనేవాళ్ళు చెయ్యెత్తండి."

ఒక్క చెయ్యీ లేవలేదు. అక్క ఊపిరి పీల్చుకుంది.

ఆ లైటు తాడు కట్టింది నేను. ముడి సరిగా బిగించలేదు. ఆ సంగతి చెబుదామని చెయ్యెత్తాను.

పదిహేను చేతులూ ఒక్కసారిగా లేచాయి.

"నువ్వు కూడానా చెల్లీ?" అంది అక్క.

"నువ్వేదో చెప్పబోయావేంటమ్మా?" అన్నారు డైరెక్టరుగారు.

పదిహేనుమందీ నావైపే చూస్తున్నారు. చేతులింకా దించలేదు.

"ఏం లేదండీ" అన్నాను.