తాళం అనే మాట

“అక్కా, ఈ మాట మార్చేద్దాం,” అన్నాడు తమ్ముడు లాప్‌టాప్ నా వైపు తిప్పి. నా తాళాల షాపుకి ఇంటర్నెట్‌లో ప్రకటనలు చూసేది వాడే.

మా కీవర్డు ‘తాళం’. బ్రాడ్ మ్యాచ్‌లో ఉంది. అంటే తాళం గురించి ఎవరు ఎలా వెతికినా మా ప్రకటన కనిపించొచ్చు. పొద్దున ఒకాయన ఫోన్ చేసి, తాళం వెయ్యడం నేర్పుతారా అని అడిగాడు. పాటకి!

“ఎగ్జాక్ట్ మ్యాచ్ పెడితే, ‘తాళం రిపేరు’ కోసం వెతికినవాళ్ళకే కనిపిస్తాం. లేకపోతే ఈ పాటలవాళ్ళు నొక్కిన ప్రతిసారీ మన జేబుకి చిల్లు.”

“పడితే పడనీ.”

“పోనీ, మధ్యస్తంగా ఫ్రేజ్ మ్యాచ్?”

“ఆ మాట జోలికి పోవద్దన్నానా!”

“ఎందుకక్కా ఇంత మొండితనం? మనతో పనిలేనివాళ్ళకి మనమెందుకు కనిపించాలి?”

చేతిలో ఆకురాయి బల్లమీద పడేశాను.

“మీ బావ నన్ను గదిలో పెట్టి, బయట తాళం వేసుకుని పోయిన రోజు నేనే తలుపు పగలగొట్టుకుని వచ్చేశానని మీరంతా అనుకున్నారు. మీకు చెప్పుకోవడానికి సిగ్గేసింది. ఫోన్‌లో ‘తాళం’ అని కొట్టి, పైన కనిపించిన ప్రకటనలో నంబరుకి ఫోన్ చేశాను. గడగడా అంతా చెప్పేశాను. ‘అమ్మా, మాది సంగీతం స్కూలు,’ అందావిడ.”

“మరి?”

“వాళ్ళదీ బ్రాడ్ మ్యాచే అయ్యుంటుంది. ‘అయినా సరే, అడ్రసు చెప్పు,’ అంది. పాఠం మధ్యలో ఆపేసి, సుత్తి పట్టుకుని వచ్చింది.”