మేడ్ ఇన్ పుంగనూరు

రెండు వందల బ్యాగుల లేబుళ్లు బ్లేడుతో పీకేసరికి మునిచంద్ర బొటనవేలు బొబ్బలెక్కింది. అయినా మనిషి హుషారుగానే ఉన్నాడు. పీకిన ప్రతి చోటా ఇస్త్రీ పెట్టెతో కొత్త లేబుల్ అతికించాడు. దాని మీద 'మేడ్ ఇన్ పుంగనూరు' అని ఉంది. కుప్పం స్టేషన్ దగ్గర అద్దెకు తీసుకున్న గోడౌన్‌లో తలుపులు బిగించుకుని, మూడు రోజులు ఒక్కడే చేశాడీ పని. సొంతూరు మదనపల్లెలో అయితే నలుగురి కళ్లూ పడతాయని అంత దూరం వచ్చాడు.

అవి మామూలు బ్యాగులు కావు. హిమాలయాల్లో మంచు చరియలు విరిగి మీద పడేటప్పుడు, భుజం దగ్గరి పిడి లాగితే బ్యాగులోంచి గాలితిత్తి ఉబ్బుతుంది. మనిషి మంచు కింద కూరుకుపోకుండా పైకి తేలతాడు. కొండలెక్కడం నేర్పే సంస్థ ఒకటి వీటికి టెండరు పిలిచింది. సరుకు మన దేశంలో కుట్టిందై ఉండాలన్నది షరతు.

మునిచంద్ర పుట్టి బుద్ధెరిగాక చూసిన మంచు ఒక్కటే, హార్స్లీ హిల్స్ మీద పొద్దున పూట పట్టే పొగమంచు. అయినా ధైర్యంగా టెండరు వేశాడు, దక్కించుకున్నాడు. వెంటనే ఫోన్‌లో ఒక విదేశీ కంపెనీకి ఆర్డరిచ్చేశాడు. ఇక్కడే కుట్టించే ఆలోచన రాకపోలేదు. వచ్చింది, దాంతోపాటు నవ్వూ వచ్చింది.

"మనోళ్లకు గోనె సంచి కుట్టేదే సక్కగా రాదు. పానం కాపాడే బ్యాగు కుడతారా?" అన్నాడు భార్యతో.

ఆ మాటన్న వారానికే మదనపల్లెలో ఒక సభలో 'మన ఊరి సరుకే మనకు గర్వం' అంటూ అరగంట ఉపన్యాసం దంచి, శాలువా కప్పించుకున్నాడు. ఆ ఫోటోతో బజారులో ఫ్లెక్సీ కూడా కట్టించాడు.

అంతా సాఫీగా సాగుతుందనుకుంటే తనిఖీ వచ్చి పడింది. సరుకు తీసుకునే ముందు ఫ్యాక్టరీ చూస్తామని సంస్థ వాళ్లు ఉత్తరం రాశారు. లేని ఫ్యాక్టరీని ఎక్కడ చూపించాలి? లేబుళ్ల మీద పుంగనూరని ఉంది కాబట్టి అక్కడే వెతగ్గా వెతగ్గా లాల్ బీ అనే ముసలామె కుట్టు షెడ్డు దొరికింది. పన్నెండు మిషన్లు, పన్నెండు మంది ఆడవాళ్లు. నైటీలు కుట్టుకుంటారు కాబోలనుకున్నాడు. ఒక్క రోజుకు బాడుగ మాట్లాడుకుని, ఇరవై బ్యాగులు తెచ్చి అక్కడ పడేశాడు.

లాల్ బీ ఒక బ్యాగును తిప్పి చూసి, "అప్పా, ఇవి..." అని ఏదో చెప్పబోయింది.

"అమ్మా, నీకు దండం పెడతా. నువ్వేం తెలుసుకోవద్దు. ఆఫీసరమ్మ వచ్చినప్పుడు మిషన్ల కాడ కూసోని కుడతాండేట్టు యాక్షన్ చేయండి, సాలు. నోరు మాత్రం తెరవద్దండి."

"నీ ఇష్టమప్పా," అంది లాల్ బీ.

మర్నాడు శ్రుతి అనే అధికారి వచ్చింది. ముఖాన నవ్వన్నది లేదు. షెడ్డులో మిషన్లు టకటకలాడుతున్నాయి. ఆడవాళ్లు తలెత్తకుండా బ్యాగుల మీద వంగి ఉన్నారు. ఇచ్చిన బాడుగకు భలే నటిస్తున్నారని మునిచంద్ర మురిసిపోయాడు.

శ్రుతి ఒక బ్యాగు తీసుకుంది. కత్తెరతో గాలితిత్తి కుట్టు జానెడు విప్పేసింది.

"వేరే వేరే టెండర్లవి కలిపి ఈ నెలలో మీది నాలుగో ఫ్యాక్టరీ," అంది. "ముందు మూడు చోట్లా విప్పిన కుట్టు మళ్లీ వేయమంటే ఒక్కరికీ చేతకాలేదు. అన్నీ బయటి దేశం సరుకులే. లేబుళ్లు మార్చారంతే." ఆ బ్యాగు తీసుకెళ్లి లాల్ బీ ముందు పెట్టింది. "ఇది కుట్టండమ్మా."

లాల్ బీ మునిచంద్ర వైపు చూసింది. అతను చూపు తిప్పుకున్నాడు.

"పది నిమిషాలు పడతాది మేడమ్," అంది ఆమె.

మునిచంద్ర శ్రుతి దగ్గరికి జరిగాడు. "ఆ ముగ్గురూ ఏమైనారు మేడమ్?"

"ఒకాయన ముందే ఒప్పుకుని రాసిచ్చాడు. టెండరు రద్దుతో సరిపోయింది. మిగతా ఇద్దరూ బుకాయించారు. కేసు పెట్టాం, ఇంకా బెయిలు కూడా రాలేదు."

పది నిమిషాలు! మొదటి నిమిషంలోనే మునిచంద్ర చొక్కా తడిసిపోయింది. రెండో నిమిషంలో బజారులోని ఫ్లెక్సీ గుర్తొచ్చింది. అదే ఫోటో రేపు పేపర్లో, చేతులకు బేడీలతో! నైటీలు కుట్టుకునే ముసలామె ఆ బ్యాగును ఏం చేసి పెడుతుందో చూసే ధైర్యం అతనికి లేకపోయింది. మూడో నిమిషానికి శ్రుతిని వరండాలోకి పిలిచాడు.

"మేడమ్, పిల్లలు గలోణ్ని. వాళ్లకు అది కుట్టేది రాదు. అన్నీ బయట దేశం నుంచి తెప్పించినవే. లేబుళ్లు నేనే పీకేసినా."

తెల్లకాగితం మీద అదే రాసి సంతకం పెట్టాడు. శ్రుతి దాన్ని మడిచి ఫైల్లో పెట్టుకుంది. "మంచి పని చేశారు," అంది. ఇక లోపలికి వెళ్లే పనేముంది? జీపెక్కి వెళ్లిపోయింది.

టెండరు పోతే పోయింది, జైలు తప్పిందనుకుంటూ మునిచంద్ర షెడ్డులోకి వచ్చాడు. లాల్ బీ పంటితో దారం తెంపి బ్యాగు అతని చేతికిచ్చింది. విప్పిందెక్కడో, కుట్టిందెక్కడో ఎంత వెతికినా కనపడలేదు.

"ఇది... ఇది నీకెట్లా వచ్చుమ్మా?"

"రాకేమప్పా? మూడేండ్లుగా మేం కుడతాండేది ఇవే. బెంగళూరు నుంచి ఒకాయప్ప గుడ్డ తెచ్చిస్తాడు, కుట్టినవి తీస్కపోతాడు. ఆణ్నుంచి ఓడెక్కి యా దేశానికో పోతాయంట, ఆడ వాళ్ల దేశం పేరు అంటిస్తారంట. నువ్వు తెచ్చినవి సూస్తానే మావేనని జెప్పబోతి, నోరు తెరవద్దంటివి." లాల్ బీ బ్యాగు మీది కొత్త లేబుల్‌ను జాలిగా వేలితో నిమిరింది. "నువ్వు పీకేసిందే దొంగ పేరప్పా. నువ్వు అతికించిందే నిజం."