పక్క కుర్చీ ఖాళీయే

మా ఆన్‌లైన్ బార్‌లో బీరూ, బల్లలూ, తలుపూ అన్నీ టైపు చేసిన మాటలే. ఎవరు తలుపు తట్టినా పాతవాళ్లలో ఒకరు లోపలికి పిలవాలి. అది అక్కడి ఆచారం.

ఆ రాత్రి మా ఊరు డులూత్‌లో మంచు కురుస్తోంది. వంటింట్లో ఒక్కదాన్నే లాప్‌టాప్ ముందు కూర్చున్నాను.

"లొరెట్టా, అప్పుడే నాలుగో గ్లాసా తల్లీ?" అని రాశాడు బార్ నడిపే ఆర్విడ్.

"నువ్వు పోసేది మాటలే కదయ్యా, ఎంత తాగినా కిక్కెక్కదు!"

అంతలో తెరమీద ఇంకో వాక్యం కనిపించింది: 'ఎవరో తలుపు తట్టారు. బూట్ల నిండా మంచు.'

"లోపలికి రావయ్యా, నా పక్క కుర్చీ ఖాళీయే," అని రాశాను.

ఆర్విడ్ అడిగాడు. "ఎవర్ని పిలుస్తున్నావ్? ఇక్కడ మనిద్దరమేగా!"

తెరను పైకి జరిపి చూస్తే తలుపు తట్టిన వాక్యం లేదు. నా పిలుపు మాత్రం ఉంది. గబగబా దాన్ని చెరపబోయాను.

వంటింట్లో నా పక్కన కుర్చీ నేలను గీరుతూ జరిగింది. నా వట్టి పాదాలకు చల్లగా మంచునీళ్లు తగిలాయి.