అందరికీ ఇష్టమైతే

“సరే. నేను ఒప్పుకుంటాండా. చేసుకోండి,” అంది ఎస్తేరు, మొగుడి ప్లేటులో ఇంకో గరిటె ఉగ్గాని వడ్డిస్తూ.

నతానియేలు సారుకు పొలమారింది. “ఏందీ ఒప్పుకునేది?”

“రెండో పెండ్లి. నిన్న నంద్యాలలో మైకు ముందర చెప్పింది మీరే గదా! మేజర్లయిన ఆడామగా అందరికీ ఇష్టమైతే ఎంతమందినైనా చేసుకోవచ్చు, నడమ చట్టానికేం పని అని.”

చెప్పిన మాట నిజమే. బహుభార్యాత్వాన్ని చట్టం అనుమతించాలా వద్దా అని నంద్యాల ఉపాధ్యాయులు చర్చ పెడితే, సారు అనుమతించాలనే పక్షాన అరగంట దంచి, శాలువా కప్పించుకుని ఆళ్లగడ్డ బస్సెక్కాడు. ఉర్దూ మాస్టరు మాబు సాహెబ్ ఒక్కడే కిందనుంచి, “మాకు చట్టం వద్దనలేదప్పా, మా ఇంట్లో మదార్‌బీ వద్దనింది,” అని సభను నవ్వించాడు. సారు ఆ నవ్వు కూడా తన వాదనకే వచ్చిందనుకున్నాడు.

“అది చర్చ. చర్చను ఇంట్లోకి తెచ్చుకుంటారా యాడన్నా?”

“ఇంట్లోకి పనికిరాని మాట మైకులో ఎందుకు? మీరేం తిరగాల్సిన పన్లేదు, నేనే చూసినా. మన కరుణ.”

కరుణ, ఎస్తేరు ఒకే హాస్టల్లో చదువుకున్నారు. కరుణ పెళ్లి చేసుకోలేదు. నలభై ఆరేళ్లు. నంద్యాలలో నర్సుగా పనిచేస్తూ అద్దె గదిలో ఒక్కతే ఉంటుంది.

“సిరికేం చెప్తావ్?” అన్నాడు సారు. సిరి వాళ్ల కూతురు, కర్నూలులో చదువుకుంటోంది.

“పిన్ని వచ్చిందని చెప్తా.”

సారు పకపకా నవ్వాడు. ఇరవై ఏళ్ల కాపురం. పెళ్లాం ఎత్తులు ఆయనకు తెలియనివా? శాలువా చూసి ఒళ్లు మండి ఏడిపిస్తోంది, అంతే. “పిలువు మరి,” అన్నాడు దర్జాగా.

మంగళవారం నడిమి గదిలోని ఆయన పాత పేపర్ల కట్టలన్నీ వసారాలోకి వచ్చేశాయి. గురువారం నంద్యాల నుంచి ఆటోలో కొత్త మంచం దిగింది. సారుకు ఈసారి నవ్వు రాలేదు. మాట వెనక్కి తీసుకుంటే ఎస్తేరు ముందు పరువు పోతుంది. తీసుకోకపోతే కాపురమే పోయేట్టుంది. శనివారం బడిలో పిల్లలకు ఏ పాఠం చెప్పాడో ఆయనకే తెలియదు.

ఆదివారం చర్చి నుంచి ఇంటికొచ్చేసరికి అరుగు మీద కరుణ కూర్చుని ఉంది, పక్కన పెద్ద పెట్టెతో. మర్యాదకు లోపల పెడదామని దాన్ని ఎత్తబోయి సారు నడుం పట్టుకున్నాడు. నాటకం రక్తి కట్టాలని రాళ్లు గానీ నింపుకొచ్చిందా అనుకున్నాడు.

“కూర్చోండి బావా, మాట్లాడుకుందాం,” అంది కరుణ, తన ఇంటికొచ్చిన మనిషితో చెప్పినట్టు.

“నీకు... నీకు ఇష్టమేనామ్మా?”

“అమ్మా అంటారేంది బావా!” అని కరుణ నవ్వింది. ఎస్తేరు కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“అది కాదు. ఇద్దరాడోళ్లు ఒక కొంపలో ఉంటే కొట్లాడుకోరా?”

“మీ గురించా?” అడిగింది ఎస్తేరు. “పొద్దున ఆరున్నర బస్సుకు పోతారు. సందకాడ వచ్చి ఫోను పట్టుకుంటారు. కొట్లాడి పంచుకునేదానికి మీలో ఏం మిగిలింది? నాకైతే మాట్లాడేదానికి ఒక మనిషి ఉంటాది.”

దెబ్బ సూటిగానే తగిలింది. సారు కరుణ వైపు తిరిగాడు. “దానికి పెండ్లెందుకు? ఆ గదిలో ఊరికే ఉండు, బాడుగ గూడా వద్దు.”

“బాడుగకొచ్చినోళ్లనైనా, చుట్టాలనైనా ఎప్పుడో ఒకనాడు పొమ్మంటారు బావా. పెండ్లామైతే అట్ల పొమ్మనలేరు. మీరు చెప్పిన చట్టం వస్తే బాగుండు.”

“అది రాలేదు గదా!” సారుకు ఊపిరి అందింది. “ఇప్పటికైతే మనకు రెండో పెండ్లంటే ఏడేండ్ల జైలు. తెలుసునా?”

“వచ్చేదాకా ఆగుతా. మా ఇద్దరికీ ఇష్టమే. మీరొక్క మాట చెప్తే చాలు.”

ఇద్దరూ ఆయన మొహంలోకే చూస్తున్నారు. నంద్యాల చప్పట్లు ఒక్కటీ ఆయనను ఆదుకోవడానికి రాలేదు. సారు లేచి నిలబడ్డాడు.

“చట్టం వచ్చినా సరే, పార్లమెంటే ఈ అరుగు మీదికొచ్చి చేసుకోమన్నా సరే, నాకిష్టం లేదు! నాకు ఎస్తేరు ఒక్కతే పెండ్లాం. ఆపొద్దు నేను వాగింది తప్పు. చాలునా?”

చెప్పాక ఆయనకు ఏడుపొచ్చినంత పనైంది. కరుణ ఎస్తేరు ఇచ్చిన గ్లాసులో మిగిలిన టీ తాగి, ఎస్తేరు చేయి కాసేపు పట్టుకుని, పెట్టె తీసుకుని లేచింది. ఎస్తేరు పెట్టెకు రెండో పక్క పట్టుకుని బస్టాండు దాకా తోడు వెళ్లింది.

తిరిగొచ్చేసరికి సారు స్వయంగా టీ పెట్టి ఉంచాడు. గుండెల మీద కుంపటి దిగిపోయి, మనిషి తేలికపడ్డాడు. ఫోను ఎక్కడ పెట్టాడో కూడా మరిచిపోయాడు.

“గెలిచినావులే మే! రేపే పోయి ఆ శాలువా తిరిగిచ్చేస్తా. కానీ ఏం నటన మీ ఇద్దరిదీ! ఆ మంచమేంది, ఆ పెట్టేంది! నేను నిజమే అనుకున్నా. నాకు బుద్ధి చెప్పాలని ఎన్నాళ్ల నుంచి కాచుకోనుండావు?”

ఎస్తేరు గ్లాసు అందుకుంది గానీ తాగలేదు.

“నేను నిజంగానే అడిగినా.”