కుర్చీ జరపొద్దు

అల్లుడుగారి ఎడమ కన్ను మూడో రోజుకి గోళీకాయంత ఉబ్బింది.

అల్లుడుగారంటే కుందేలు. పిల్లల్లేని ఇంట్లో ఏడేళ్ళుగా కూర్చుని తింటూ, పెట్టిందానికల్లా మూతి తిప్పుతుందని ఆ ఇంటావిడ పెట్టిన పేరు. ఆవిడ అచ్చాఫీసులో పుస్తకాలు కుడుతుంది. ఆయన వీధి మలుపులో గడియారాలు బాగుచేస్తాడు.

పశువుల డాక్టరమ్మ కంటికి చిన్న యంత్రం ఆనించి చూసి పెదవి విరిచింది.

"నీటికాసులు. మనుషులకి వచ్చేదే. లోపల ఒత్తిడి పెరిగిపోయింది. ఈ కన్ను పోయినట్టే. రెండోదానికీ మొదలైంది."

"పోయిన చూపు మళ్ళీ రాదా?" ఆయన అడిగాడు.

"రాదండీ. చుక్కలు వేస్తే ఉన్నది కొన్నాళ్ళు నిలబడొచ్చు. ఇంట్లో సామాను మాత్రం అటూ ఇటూ జరపకండి. దారి అలవాటైతే చూపు లేకపోయినా తిరిగేస్తాయి. చూసేవాళ్ళు కనిపెట్టలేరు కూడా."

ఆ మాటని ఆయన వేదవాక్కులా పట్టుకున్నాడు. వంటగది దారిలో, కిటికీ కింద ఉండే కుర్చీని ఆ సాయంత్రమే లాగి మూలకు నెట్టాడు. ఇక దాన్ని ఎవరూ జరపకూడదన్నాడు. పడకగది నుంచి స్నానాలగది దాకా పీచు పట్టా పరిచాడు, కాళ్ళకి దారి తెలియాలని. ఎవరూ తొక్కకుండా కుందేలు మెడలో గంట కట్టాడు. చీపురైనా చెప్పులైనా తీసిన చోటే పెట్టాలి.

"తలుపు నుంచి నాలుగడుగులు. అక్కడ ఎడమకి," అంటూ దాన్ని చంకనెత్తుకుని రోజూ ఇల్లంతా తిరిగేవాడు, చిన్నపిల్లలకి ఎక్కాలు చెప్పినట్టు.

ఒకరోజు ఉప్పు డబ్బా పక్క అరలో పెట్టినందుకు ఇల్లు పీకి పందిరేశాడు.

"వంట కూడా అల్లుడుగారే చేస్తారా ఏంటి?"

"ఒకచోట క్రమం తప్పితే అన్నిచోట్లా తప్పుతుందే."

"తా పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే మనిషి మీరు. మీతో ఎవరు వాదిస్తారు?" అని డబ్బా తెచ్చి దాని చోట్లో పెట్టింది.

మందు మాత్రం ఆవిడే వెయ్యాలి. వెంట్రుకంత మరలు బిగించే మనిషి, చుక్కల సీసా చేతికిస్తే వెనక్కి తగ్గాడు.

"నా చెయ్యి వణుకుతుంది, నువ్వే వెయ్యి. ఎలా ఉందో చెప్పు."

"ఎర్రగా ఉంది."

"నిన్నటికన్నా?"

"నిన్నటికన్నా ఎక్కువే."

రోజూ ఇదే ప్రశ్న, ఇదే జవాబు.

రెండో నెలలో కొట్టు మూసేశాడు. సగం విప్పిన గడియారాన్ని విప్పినట్టే డబ్బాలో పోసి, తెచ్చినవాళ్ళకి తిరిగిచ్చేశాడు. ముప్ఫై ఏళ్ళలో అలా ఇచ్చింది అదొక్కటే. "ఇంటి దగ్గర ఇలా ఉంటే పని మీద మనసు నిలవట్లేదు," అన్నాడు. కుందేలు కోసం కొట్టు కట్టేసిన మొగుణ్ణి ఎక్కడా చూడలేదని అచ్చాఫీసులో ఆడవాళ్ళు పడీ పడీ నవ్వారు. ఆవిడా నవ్వింది గానీ, చేతిలో సూదిని పుస్తకంలోకి కసిగా దించింది.

గోరుచుట్టు మీద రోకటిపోటులా రెండో కన్నూ తెల్లబడింది. అల్లుడుగారు మూల కూర్చుని పళ్ళు నూరుతున్నాడు. నొప్పికి కుందేళ్ళు అలా నూరుతాయని డాక్టరమ్మ చెప్పింది.

"రెండు కళ్ళూ తీసేస్తే నొప్పి పోతుంది. ముసలిది, మత్తుకి తట్టుకుంటుందో లేదో చెప్పలేను. లేదంటే ఒక్క సూదితో నిద్రపుచ్చేయొచ్చు. మీరే తేల్చుకోండి."

ఇంటికొచ్చాక ఆవిడ మనసులో ఉన్నది అనేసింది.

"నిద్రపుచ్చేయమందామండీ. చూపు లేని బతుకు దానికీ నరకం, చూసుకునేవాళ్ళకీ నరకం."

ఆయన ఒళ్ళో కుందేలు చెవులు నిమురుతూ కూర్చున్నాడు.

"బతకనిద్దామే," అన్నాడు చివరికి. "అలవాటు పడుతుంది. ఎవరికీ అడ్డం రాకుండా తిరగడం నేర్చుకుంటుంది."

ఆ గొంతు విన్నాక ఆవిడ కాదనలేకపోయింది.

ఆపరేషన్ అయింది. అల్లుడుగారు మత్తు నుంచి లేచాడు. తిండి మాత్రం ముట్టలేదు. ఆకులు మెత్తగా నూరి సిరంజితో నోట్లో పోస్తే పక్కనుంచి కార్చేశాడు. నాలుగో రోజు పొద్దున, గంట వినిపించడం లేదని ఆయనే ఆవిణ్ణి లేపాడు. అప్పటికే ఒళ్ళు చల్లబడిపోయింది.

తర్వాత వారం రోజులు ఆయన గదిలోంచి బయటికి రావడమే తగ్గించేశాడు. పెట్టింది తిని, గోడవైపు తిరిగి పడుకునేవాడు. ఆవిడకి ఇల్లు చూస్తుంటే దుఃఖం ఆగలేదు. ఎక్కడ చూసినా ఆ కుందేలు కోసం చేసినవే. ఇవి కళ్ళముందు ఉన్నన్నాళ్ళూ ఈ మనిషి తేరుకోడనుకుంది.

సెలవు రోజు పొద్దున్నే కొంగు బిగించింది. పీచు పట్టా చుట్టి పెరట్లో పడేసింది. గంటని బట్టల కింద దాచింది. మూలనున్న కుర్చీని తెచ్చి కిటికీ కింద పాత చోట్లో వేసింది. మూడు నెలల తర్వాత ఇల్లు ఇల్లులా కనిపించింది.

"ఏవండీ, టీ అయింది. లేచి రండి," అని వంటగదిలోంచి పిలిచింది.

ఆయన తలుపు దాటి, పెదాలు కదుపుతూ నాలుగడుగులు లెక్కపెట్టి, ఎడమకి తిరిగి, కిటికీ ఎండ సూటిగా కళ్ళలో పడుతున్నా రెప్పయినా వాల్చకుండా, ఆ కుర్చీకి కొట్టుకుని బోర్లా పడ్డాడు.