చిన్న మోటారు

గొర్రెలమ్మిన డబ్బు మూటను మదనపల్లె సంతలోనే అల్లుడి చేతిలో పెట్టబోయాడు మునెప్ప. "నీ పడవకు అందరికన్నా పెద్ద మోటారు బిగించుకోప్పా."

"ఇంక మేమే ముందు ఒడ్డు చేరతాం మామా, చేపలకు మంచి ధర మాకే," అన్నాడు పోలయ్య.

"చిన్నదే కొనాల," అడ్డమొచ్చింది తులసి. అందరూ వద్దన్నా సముద్రపొడ్డు జాలరిని పెళ్లాడిన కూతురు ఆమె.

"నా అల్లుడు యాల తగ్గాలమ్మా?"

"పోయిన నెల పెద్దది బాడుగకు తెచ్చినాడు నాయనా. అది తాగే తాగుడికి నడిసంద్రంలోనే కిరసనాయిలు అయిపోయె. ఆయన తిరిగొచ్చేదాకా రెండు దినాలు ఒడ్డునే కూసోనుంటిని. చిన్నదైతే అదే నూనెతో పోయొస్తాది. ముందు రాకున్నా పరవాలేదు, మనిషి రావాల."

"చెప్పొద్దన్నాను కదా," గొణిగాడు పోలయ్య.

మునెప్ప మూటను కూతురికిచ్చాడు. "పెద్దదే కావాలంటే మీ ఆయన్ని ఈడనే గొర్రెలు కాసుకోమను."