గోడమీది గరిక

నగరంలో నేల కరువయ్యాక, ప్రతి ఫ్లాటు గోడమీదా ఐదువందల ఏళ్లనాటి గడ్డిదుబ్బు నీటిరంగుల చిత్రానికి అసలుసిసలు నకలు ఒకటి వేలాడాలని ఆజ్ఞ వచ్చింది. పచ్చదనం లేని కొంపకు నీళ్లు బంద్.

వినాయకచవితి పొద్దున పేరిందేవమ్మ ఆ నకలులోంచి ఇరవైయొక్క గరికపోచలు కత్తిరించి పూజ కానిచ్చేసింది. అత్తాకోడళ్ల మధ్య పచ్చగడ్డి బొమ్మ వేసినా భగ్గుమంది.

“తనిఖీ ఇవాళే అత్తయ్యా! కుళాయి కట్టేస్తారు!” అంది కోడలు వసుంధర.

“అయితే దేవుడికి గోడ చూపించమంటావుటే?”

అధికారి రానే వచ్చాడు. చిల్లుల బొమ్మను కళ్లద్దాలు సవరించుకుని చూశాడు.

“గడ్డి కోశారా?”

వసుంధర వేలితో అత్తగారిని చూపించింది. “మా అత్తగారేనండీ...”

“కోశారంటే పెరుగుతోందన్నమాట!” అధికారి మురిసిపోయి ముద్ర గుద్దాడు. “కాలనీ మొత్తానికి బతికున్న తోట మీదొక్కటేనమ్మా. రోజూ ఇంకో బిందె ఇస్తాం, బొమ్మమీద పోయండి.”